వినకుండా పాస్ చేసిన తెర

"బటన్. బటన్. బటన్. పేరులేని బొమ్మ. బటన్."

మా కొత్త టికెట్ల యాప్ నాతో మాట్లాడిన మొదటి మాటలు ఇవే. మొత్తం పదిహేడు బటన్లు. దేన్ని నొక్కితే బస్సు టికెట్ వస్తుందో, దేన్ని నొక్కితే ఉన్న టికెట్ కూడా పోతుందో చెప్పే దిక్కు లేదు.

నేను యాప్ టెస్టర్‌ని. నాకు పుట్టుకతోనే చూపు లేదు. నా ఫోన్‌లో ఒక గొంతు ఉంటుంది. తెర మీద వేలు పెట్టిన చోటల్లా అక్కడేముందో చదివి వినిపిస్తుంది. అయితే తెర గీసినవాళ్ళు ప్రతి బటన్ వెనకా, ప్రతి బొమ్మ వెనకా ఒక లేబుల్ రాస్తేనే ఆ గొంతుకు చదవడానికి ఏమైనా ఉంటుంది. ఆ లేబుల్ కళ్ళున్నవాళ్ళకు కనిపించదు. మాలాంటివాళ్ళ ఫోన్లలో వినిపిస్తుంది, అంతే. రాయకపోతే ఇదిగో, ఇలా బటన్ బటన్ అని జపం చేస్తుంది.

నలభై ఒక్క తప్పులు రాసి, కింద "రిజెక్ట్" కొట్టి పంపించాను. పది నిమిషాల్లో చెప్పుల చప్పుడు గబగబా వచ్చి నా టేబుల్ ముందు ఆగింది.

"నలభై ఒకటా?" అంది ఒక ఆడగొంతు. కొత్త గొంతు. కోపంలో కూడా కాస్త తీపిగా ఉంది, ఆ సంగతి నేను ఒప్పుకోదలచుకోలేదు.

"నలభై రెండండీ. ఒకటి మర్యాద కోసం వదిలేశాను."

"రెండు నెలలు కూర్చుని గీశానండీ ఈ తెరలు! ఒక్కసారి మీరే చూడండి, ఎంత అందంగా ఉన్నాయో!"

అనేసి నాలిక కరుచుకుంది. నాలిక కరుచుకోవడం కూడా వినిపిస్తుంది. మాట చివర ఊపిరి టక్కున ఆగిపోతుంది.

"చూశానండీ," అన్నాను. "నాకైతే మీ యాప్, నా టేబుల్ ఒకేలా కనిపిస్తున్నాయి."

మామూలుగా ఈ ఘట్టంలో అందరూ "సారీ సారీ, పాపం, ఏమనుకోకండి" అంటూ వెనక్కి అడుగులేస్తారు. ఆ "పాపం" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈవిడ ఆ మాట అనలేదు. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది.

"సరే రిజెక్టు గారూ," అంది నవ్వు ఆపుకుంటూ. "మీ టేబుల్ కన్నా నా యాప్ బాగుందని మీ నోటితోనే అనిపిస్తాను."

అలా నాకు ఒక పేరు వచ్చింది. ఆవిడ పేరు అప్పటికే ఆఫీసంతా పాకింది. చూపు మందగించిన పెద్దాయన ఒకరు మా టీములో ఉన్నారు. తెల్లటి తెర మీద లేతబూడిద రంగు అక్షరాలు పెడుతుందనీ, కళ్ళద్దాలు పెట్టుకున్నా కనపడవు, తీసినా కనపడవనీ ఆవిడకి "లేతబూడిద" అని నామకరణం చేసేశారు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. డిజైనర్ పొద్దున్నే లేబుళ్ళు రాసి టెస్ట్ కాపీ పంపాలి. నేను ఒక్కో తెరా విని పాస్ అనో రిజెక్ట్ అనో కొట్టాలి. రిజెక్ట్ అయితే పక్కన కారణం గడిలో ఎందుకో రాయాలి. నేను పాస్ అన్నదాన్ని మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. విడుదల రోజున సాయంత్రం ఆరింటికి కంప్యూటరే దాన్ని జనం ఫోన్లలోకి పంపేస్తుంది. ఏడేళ్ళలో నేను వినకుండా పాస్ చేసిన తెర ఒక్కటి కూడా లేదు. మా మేనేజర్ ప్రతిదానికీ "సింపుల్" అంటాడు కాబట్టి ఆయన సింపుల్ గారు. కొత్తగా చేరినవాళ్ళకి నన్ను చూపించి, "ఈయన విన్నాడంటే ఇంక తిరుగులేదు, సింపుల్" అనేవాడు. అది విని విని నాకు కొంచెం తలకెక్కిన మాట కూడా నిజమే.

మర్నాడు పొద్దున టెస్ట్ కాపీ వచ్చింది. మొదటి బటన్ మీద వేలు పెట్టాను. "వెనక్కి." బాగుంది. రెండోది. "టికెట్ కొనండి." చాలా బాగుంది. మూడోది.

"ఈ బటన్ ఎందుకుందో నాకూ తెలీదు. మేనేజర్ గారు పెట్టమన్నారు."

పైకే నవ్వేశాను. పక్క టేబుల్ దగ్గర హెల్ప్‌లైన్ అక్క చేస్తున్న ఫోన్ ఆపి, "ఏమైందయ్యా, యాప్ ఏమైనా కితకితలు పెట్టిందా?" అని అడిగింది.

కారణం గడిలో రాశాను. "రిజెక్ట్. లేబుల్ నిజమే చెబుతోంది. అయినా చెల్లదు."

ఆ మర్నాడు ఒక బొమ్మ వెనక ఇలా ఉంది. "రెండు బస్సుల బొమ్మ. ఒకటి ఎర్రది, ఒకటి నీలం. ఎర్ర బస్సు ముఖం ఇవాళ రిజెక్టు గారి ముఖం కన్నా ప్రసన్నంగా ఉంది."

నేను రాశాను. "రిజెక్ట్. బస్సు రంగుతో నాకు పని లేదు, ముఖంతో అసలే లేదు. ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో చెప్పండి."

ఇక రోజూ ఇదే వరస. ఆమె లేబుళ్ళలో గిల్లేది, నేను కారణాల్లో గిల్లేవాణ్ణి. సాయంత్రం ఇద్దరం కలిసి టీకి వెళ్ళేవాళ్ళం. ఆఫీసంతా మా చుట్టూ తిరుగుతూనే ఉంది, ఒక్కరికీ ఏమీ కనిపించలేదు. ఆటలో పడి పని మాత్రం మర్చిపోలేదు. ముప్ఫై సెకన్లలో కార్డు నంబర్ కొట్టకపోతే యాప్ మళ్ళీ మొదటికొచ్చేది. "పదహారంకెలు వింటూ కొట్టాలి. టికెట్ అమ్ముతున్నారా, పరుగుపందెం పెట్టారా?" అని రాశాను. మర్నాటికి ఆ గడువు లేదు. అక్షరాలు కూడా లేతబూడిద నుంచి నలుపుకు వచ్చాయని పెద్దాయన సంబరంగా చెప్పారు. పేరు మాత్రం మార్చనన్నారు.

ఒక శనివారం సాయంత్రం నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా యాప్ వాడతారా? పక్కన కూర్చుని చూడాలి," అంది.

"మా నాయనమ్మ వాడుతుంది. కానీ ఆవిడ నాకన్నా ఎక్కువ రిజెక్ట్ చేస్తుంది."

"మీ గురువుగారన్నమాట. రేపు వస్తాను."

నన్ను పెంచింది నాయనమ్మే. కళ్ళు మసకబారాక ఆవిడ ఫోన్‌కి కూడా నేనే ఆ గొంతు పెట్టి నేర్పాను. నేను దాన్ని మూడింతల వేగంతో వింటాను. పక్కవాళ్ళకి కీచురాయి అరిచినట్టు ఉంటుందట. నాయనమ్మ మాత్రం సగం వేగంతో వింటుంది. ఆ గొంతు అప్పుడే నిద్రలేచి ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. మాకిద్దరికీ దీనిమీద రోజూ గొడవే.

ఆదివారం లేతబూడిద వచ్చి నాయనమ్మ పక్కన సోఫాలో కూర్చుంది. నాయనమ్మ బొటనవేలు వణుకుతుంది. "కొనండి" నొక్కబోయిన ప్రతిసారీ వేలు పక్కనే ఉన్న "రద్దు" మీద పడింది. ఒకటి, రెండు, మూడు.

"నేను ఎక్కడం నీ బస్సుకి ఇష్టం లేనట్టుందమ్మా," అంది నాయనమ్మ.

లేతబూడిద నవ్వలేదు. "తప్పు మీ వేలిది కాదు బామ్మగారూ, నా బటన్‌ది. ఇంకోసారి నొక్కండి. మీ వేలు ఎక్కడెక్కడ పడుతోందో గీసుకుంటాను."

పెన్సిల్ చప్పుడు చాలాసేపు వినిపించింది. పన్నెండుసార్లు నొక్కించింది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మా నాయనమ్మ పక్కన పన్నెండు నిమిషాలు విసుక్కోకుండా కూర్చున్నవాళ్ళని నేను అంతకుముందు ఎరగను.

"నీకు పెళ్ళయిందా?" అంది నాయనమ్మ, వేలు తెర మీద ఉండగానే.

"లేదండీ."

"మావాడికీ కాలేదు. మనసు మంచిదే కానీ కోపం ముక్కుమీద ఉంటుంది."

"నాయనమ్మా!"

"ఉన్నమాటేగా. రాసుకోమ్మా, అదేదో బటన్ వెనక రాస్తారటగా, అక్కడ రాసుకో."

ఆమెని బస్ స్టాపు దాకా దిగబెడదామని బయల్దేరాను. సగం దారిలో వాన పట్టుకుంది. మూసేసిన ఒక కొట్టు రేకు చూరు కిందకి ఇద్దరం పరిగెత్తాం. ఆమె నా మోచెయ్యి లాగలేదు. తన మోచెయ్యి నా చేతికి అందించింది. అలా అందించాలని ఎవరు నేర్పారో అడగలేదు, బహుశా ఎక్కడో చదువుకుని ఉంటుంది.

"వాన ఎలా ఉందంటే..." అని మొదలుపెట్టి ఆగింది.

"చెప్పండి. లేబుల్ రాయకుండా వదిలేస్తారా?"

"వద్దు. ఈసారి మీరు రాయండి. నాకు వినపడనిది మీకేం వినిపిస్తోంది?"

"మన నెత్తిన రేకు. అవతల బండి మీద ప్లాస్టిక్ కవరు. ఆ మూల ఎవరో బకెట్ వదిలేశారు, చూరు నీళ్ళు అందులో పడుతున్నాయి. ఇంకో నిమిషంలో నిండుతుంది."

"ఎలా తెలుసు?"

"చప్పుడు సన్నబడుతోంది."

నిమిషం కూడా పట్టలేదు, బకెట్ నిండి పొర్లింది. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఇంకోటి. మీరు ఎడమ చెప్పుతో నీళ్ళని తంతున్నారు."

చెప్పు చప్పుడు ఠక్కున ఆగిపోయింది. "మీ దగ్గర ఏదీ దాచలేమా?"

"రంగులు దాచుకోవచ్చు."

"అయితే నా ముఖం ఇప్పుడు ఎర్రబడిందని మీకు తెలీదన్నమాట."

"ఇప్పుడు తెలిసింది."

"అయ్యో!" అంది.

ఆ "అయ్యో" దగ్గర నేను పడిపోయాను. సిగ్గుపడి దాచడానికేం లేదు. బస్సు రాకూడదని కోరుకున్నాను. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ఆ బస్సు ఆ రోజే వేళకి వచ్చింది.

విడుదలకు వారం ఉందనగా సింపుల్ గారు టీమందరికీ ఒక ఫైలు పంపించాడు. "మన డిజైనర్ రాసింది, అద్భుతం, అందరూ చదవండి." దాని పేరు "నమూనా మనిషి". డిజైనర్లు యాప్ ఎవరికోసం గీస్తున్నారో మర్చిపోకుండా ఒక ఊహామనిషిని కల్పించి, అతని అలవాట్లు ఒక పేజీ రాసుకుంటారు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

"వయసు ముప్ఫై. పుట్టుకతో చూపు లేదు. పంతం ఎక్కువ. టీ చల్లారాక తాగుతాడు, వేడిగా ఉందని ఒప్పుకోడు కాబట్టి. సాయం అడగడు. జాలి పడితే మండిపడతాడు. నవ్వే ముందు ముక్కు గోక్కుంటాడు. వానలో బకెట్ ఎప్పుడు నిండుతుందో చప్పుడు విని చెప్పగలడు."

ఇంకో నాలుగు లైన్లున్నాయి. బకెట్ దగ్గరే వినడం ఆపేశాను. అదా సంగతి? ఆ టీలు, ఆ ఆదివారం, ఆ చూరు కింద నిలబడడం, అన్నీ ఈ పేజీ నింపడానికా? నేను వానలో ప్రేమలో పడుతుంటే, ఆవిడ పక్కన నిలబడి నోట్సు రాసుకుంటోందా?

సరిగ్గా అప్పుడే వచ్చింది. "టీకి వెళ్దామా, రిజెక్టు గారూ?"

"చల్లారాక తాగుతాను లెండి. రాసుకోండి."

"ఆ ఫైలు మీకూ పంపించారా? నేను కేవలం నాకోసం... ఒక్క మాట వినండి."

"పేజీ నిండిందిగా. ఇంకేమైనా కావాలంటే మెయిల్ పెట్టండి."

"నా మాట వినరా?"

"వినడం నా ఉద్యోగం. ఉద్యోగంలో భాగంగా ఏమొచ్చినా వింటాను. మిగతావి వినను."

ఆ వారమంతా లేబుళ్ళు పద్ధతిగా వచ్చాయి. "వెనక్కి." "కొనండి." "రద్దు." ఒక్క చమత్కారం లేదు. నేనూ "పాస్, పాస్" అని కొట్టుకుంటూ పోయాను. ఇంతకన్నా రుచీపచీ లేని వారం నా జీవితంలో లేదు, అయినా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

విడుదల రోజు మధ్యాహ్నం నా టేబుల్ దగ్గర ఆగింది. "నేను ఇంటికెళ్తున్నాను. ఒంట్లో బాలేదు. చివరి తెర మాత్రం జాగ్రత్తగా వినండి."

"అన్నీ జాగ్రత్తగానే వింటాను," అన్నాను బిగుసుకుపోయి.

మొత్తం అరవై రెండు తెరలు. అరవై ఒకటి విన్నాను. చివరిది టికెట్ ఖరారైనప్పుడు వచ్చే బొమ్మ. అంతకుముందు పదిసార్లు విన్నదే. ఆవిడ చెప్పిందని పనిగట్టుకుని వినాలా? నాకు పని నేర్పుతోందా? ఏడేళ్ళలో మొదటిసారి వేలు ఆనించకుండానే కొట్టేశాను. "పాస్. వ్యాఖ్యలేమీ లేవు." సాయంత్రం ఆరింటికి యాప్ జనంలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున టీ తాగుతుంటే నాయనమ్మ తన స్నేహితురాలింటికి వెళ్ళడానికి టికెట్ కొంటోంది. "ఈసారి ఒక్క నొక్కుకే కొనేశానురా!" అని మురిసిపోయింది. బటన్ని నాయనమ్మ వేలు పడే చోటికే జరిపి, పెద్దది చేసి, "రద్దు"ని దూరంగా తోసేసింది లేతబూడిద. అంతలో ఫోన్‌లోని గొంతు మొదలెట్టింది.

"టికెట్... ఖరారైంది. బొమ్మలో... బస్సు కిటికీ పక్కన... ఒక అమ్మాయి... కూర్చుని ఉంది. పక్క సీటు... ఖాళీ."

బానే ఉంది, పాతదే, అనుకున్నాను.

"ఆ అమ్మాయి... నేనే... రిజెక్టు గారూ."

టీ గొంతులో అడ్డం పడింది.

"ఆ పేజీ... మొదలుపెట్టింది... పని కోసమే. నాలుగో లైను దాటాక... పని సంగతి... మర్చిపోయాను."

"నాయనమ్మా, ఇలా ఇవ్వు ఫోను!" అని చెయ్యి చాచాను. నా చేతి మీద ఒక్కటి పడింది.

"ఉండరా, నేను వింటున్నాను."

"వేగం పెంచుతాను!"

"నువ్వేం పెంచక్కర్లేదు. నాకిలాగే బాగుంది."

ఆ గొంతుకు నా అవస్థతో పనేముంది? ఒక్కో మాటా తీరిగ్గా వదిలింది. "మీరంటే... నాకు... చాలా ఇష్టం. ఉద్యోగంలో భాగంగా... ఏమొచ్చినా వింటానన్నారు... అందుకే... ఇక్కడ రాశాను. మీకూ ఇష్టమైతే... కారణం గడిలో... అవునని రాయండి. లేకపోతే... కాదనండి. ఎలాగైనా... ఈ తెర... రిజెక్ట్ చేసెయ్యండి. ఇది... మీరు తప్ప... ఎవరూ... వినకూడదు."

చూపు లేని, చూపు ఆనని ప్రతి ఒక్కరూ నిన్న ఆరింటి నుంచి ఈ ఊళ్ళో టికెట్ కొన్నప్పుడల్లా దీన్నే విని ఉంటారు.

"ఎవర్రా ఈ రిజెక్టు గారు?"

"నేనే."

"రాసింది ఆ బటన్ పిల్లేనా?" నాయనమ్మ గొంతు దగ్గరకొచ్చింది. "మరి నువ్వేం రాశావు?"

"పాస్ అని."

"అంటే?"

"ఏమీ రాయలేదు నాయనమ్మా. కోపంలో ఆ ఒక్కటీ వినలేదు."

"నీకు ఉన్నవే రెండు చెవులు. అలిగి అవి కూడా మూసుకున్నావూ?" ఇంత కోపంగా ఆవిడ నన్ను చిన్నప్పుడు కూడా తిట్టలేదు. "నా వణికే వేలి కోసం బటన్ని జరిపిన పిల్లరా అది! అలాంటి పిల్ల ఈ ఇంటికొస్తానంటే కళ్ళకద్దుకుంటాను. లే ముందు, చొక్కా మార్చుకో. ఆ పిల్లకి జవాబు చెప్పకుండా తిరిగొచ్చావంటే ఊరుకోను."

ఆఫీసు తలుపు తీయగానే ఫోన్ల మోత. హెల్ప్‌లైన్ అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "ఏడింటి నుంచి యాభై మూడు ఫోన్లయ్యా! ఒక్కరూ టికెట్ సంగతి అడగరు. పక్క సీటు ఇంకా ఖాళీయేనా అంటాడొకాయన. ఆ రిజెక్టు గారికి మనసనేది ఉందా అంటుంది ఇంకొకావిడ. సింపుల్ గారేమో గంటసేపు తెర వంక గుడ్లప్పగించి చూసి, 'బొమ్మ బానే ఉందిగా, ఇందులో ఏముంది?' అన్నాడు. చివరికి నేనే ఆ గొంతు పెట్టి వినిపించాను."

మీటింగ్ గదిలో లేతబూడిద ముందే ఉంది. సింపుల్ గారికి చెబుతోంది.

"నేనే రాశాను సార్. రాజీనామా మెయిల్ పెట్టాను." కుర్చీ కదిలింది, మాట నా వైపు తిరిగింది. "జవాబు వినే ధైర్యం లేక నిన్న ఫోన్ ఆపేసుకున్నాను. పొద్దున ఆన్ చేసేసరికి ఇదీ సంగతి. మీకు ఇంత కోపం ఉందనుకోలేదండీ. మీ గురించి నేను ఒక పేజీ రాశానని, నా మనసు ఊరంతటికీ వినిపిస్తారా?"

విని, కావాలనే వదిలానని అనుకుంటోంది! కాదని చెప్పేలోపే సింపుల్ గారు అందుకున్నాడు.

"ఆగమ్మా. ఈయన వినకుండా పాస్ చెయ్యడు, వింటే దీన్ని వదలడు. అంటే ఈయన పాస్ చేశాక నువ్వు లేబుల్ మార్చావు. సింపుల్."

ఎవరికైనా అది నమ్మబుద్ధేసే మాట. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నా ఏడేళ్ళ పేరు చెక్కుచెదరదు. ఆమె మాత్రం దొంగచాటుగా లేబుల్ మార్చిన మనిషిగా ఈ గది దాటుతుంది, ఇంకెక్కడా ఎవరూ పని ఇవ్వరు.

"లేదు సార్," అన్నాను. "ఆవిడ ఏమీ మార్చలేదు. నేనే చివరి తెర వినకుండా పాస్ కొట్టాను."

"వినకుండానా? మీరా?" అన్నాడు సింపుల్ గారు. "ఎందుకు?"

"అలిగాను సార్."

"అలిగారా?" ఆయన ఏడేళ్ళలో మొదటిసారి "సింపుల్" అనలేకపోయాడు.

ఆమె కుర్చీ నా వైపు జరిగింది. "అంటే... మీరు వినలేదా?"

"ఇవాళ పొద్దున విన్నాను. మా నాయనమ్మ ఫోన్‌లో. సగం వేగంతో."

ఆమె గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపో నవ్వో నా చెవులకు కూడా అందలేదు. "బామ్మగారు కూడా విన్నారా?"

"నాకన్నా ముందు ఆవిడే విన్నారు. ఫోన్ ఇమ్మంటే ఇవ్వలేదు."

సింపుల్ గారు కాసేపు గొంతు సవరించుకున్నాడు. "ఇక నుంచి మీ ఒక్కరి పాస్ చాలదు. ప్రతి తెరా ఇద్దరు వినాలి." ఆ మాట చురుక్కుమంది, కానీ తప్పు నాదే. "రాజీనామా మెయిలేదో నాకు రాలేదు. పదిన్నరకల్లా ఆ లేబుల్ మార్చి పంపండి." లేచి తలుపు దాకా వెళ్ళి, ఆగి, "మిగతాది మీ ఇద్దరూ తేల్చుకోండి," అని వెళ్ళిపోయాడు.

ఇద్దరం మిగిలాం. ఆమె గోళ్ళతో టేబుల్ గీకుతోంది.

"బకెట్ సంగతి ఆ పేజీలో రాయాల్సింది కాదు," అంది నెమ్మదిగా. "యాప్‌కి దాంతో పనేం లేదని నాకూ తెలుసు. కొట్టేద్దామని మూడుసార్లు అనుకున్నాను. మనసొప్పలేదు."

"నేను ఒక్కసారి అడగాల్సింది. అడక్కుండా తీర్పు చెప్పేశాను. ఊరందరి ముందూ మిమ్మల్ని నిలబెట్టేశాను. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు."

"ముఖం సంగతి వదిలెయ్యండి. నిన్న విని ఉంటే కారణం గడిలో ఏం రాసేవారు?"

"అవునని. పెద్ద అక్షరాలతో. రేకు చూరు కింద మీరు 'అయ్యో' అన్నప్పటి నుంచి నాకు మీరు కావాలి. లేబుళ్ళలో మీరు నన్ను గిల్లని వారం నాకు తిండి సహించలేదు. ఇంక రాతలతో నాకు పని లేదు. నా నోటితోనే చెబుతున్నాను, మీరంటే నాకు ప్రేమ."

గోళ్ళ చప్పుడు ఆగింది. ఆమె ఏదో అనబోయేంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. హెల్ప్‌లైన్ అక్క.

"ఏమనుకోకండి. ఈయన లైనులోనే కూర్చున్నారు, పెట్టెయ్యరు. పొద్దుట్నుంచి నాలుగో ఫోను. ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా మూడు టికెట్లు కొన్నారట, కొత్త లేబుల్ ఏమైనా వస్తుందేమోనని! ఏం చెప్పమంటారు?"

స్పీకర్లోంచి ఎవరో ముసలాయన గొంతు. "అమ్మాయ్, ఉన్నావా? మా బ్రెయిలీ గ్రంథాలయంలో ఇరవై మందిమి చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. ఆయన ఏమన్నాడో చెబితే మా పని మేం చూసుకుంటాం."

"చెప్పండి మరి," అంది లేతబూడిద, ఫోన్ నా వైపు తోసి. గొంతులో పాత అల్లరి తిరిగొచ్చింది. "ఊరంతా అడుగుతోంది."

"అవునన్నాడండీ," అన్నాను.

"అవునన్నాడట!" అని ఆయన వెనక్కి తిరిగి కేకేశాడు. అవతల ఇరవై మంది ఒక్కసారిగా గోల చేశారు. ఎవరో బల్ల చరిచారు. గోల సద్దుమణిగాక ఆయన మళ్ళీ అడిగాడు. "మరి అమ్మాయి ఏమంటోంది? ఇంత ఆలస్యంగా చెప్పినందుకు క్షమించిందా?"

ఆమె ఫోన్ మీదకి వంగింది. "అమ్మాయి ఇంకా ఆలోచిస్తోందండీ. నిన్నటి నుంచి బాగా ఏడిపించాడు. అంత తేలిగ్గా వదలకూడదు కదా?"

"వదలకమ్మా, అస్సలు వదలకు!" అన్నాడు ముసలాయన ఉత్సాహంగా.

"వదలనండీ," అంది ఆమె. అంటూనే టేబుల్ కింద నా చెయ్యి వెతికి పట్టుకుని, వేళ్ళలో వేళ్ళు గట్టిగా బిగించింది. ఆ సంగతి మాత్రం ఊళ్ళో ఎవరికీ వినపడలేదు.